కిచెన్ చిమ్నీ ఇంట్లనే క్లీన్ చేస్కునుడు: జాలి నుంచి గోడ అవతలి పైపు దాక

పోయిన సంక్రాంతికి రెండు రోజుల ముందు మా ఇంట్ల సకినాలు కాలుస్తున్నం. నేను, మా అత్తమ్మ, మా ఆడబిడ్డ, ముగ్గురం పొద్దున పదింటికి మొదలుపెడ్తె మూడు దాటినా కడాయి దిగలేదు, గప్పుడు చిమ్నీ అంచు నుంచి ఒక చుక్క మెల్లగ సాగి, స్టవ్ పక్కనే జల్లెడల తీసిపెట్టిన సకినాల మీద పడ్డది. తేనె రంగుల ఉన్నది, తేనె లెక్కనే సాగుతున్నది. అత్తమ్మ వేలుతోని ముట్టి వాసన చూసి, "ఇది ఇయ్యాల్టి నూనె కాదు బిడ్డా, ఎన్నడిదో" అన్నది. ఆ వాయి మొత్తం పక్కకు పెట్టేసినం.

మాది ఆటో క్లీన్ చిమ్నీ. కొన్నప్పుడు షాపాయన బటన్ వత్తి చూపిచ్చి, ఇంక మీరు చెయ్యి పెట్టే పనే లేదు అన్నడు, మేము నమ్మినం, నాలుగేండ్లు పైపైన బట్టతోని తుడుచుడు తప్ప ఏం చెయ్యలె. పండుగ అయినంక సర్వీసుకు ఫోన్ చేస్తె వచ్చినాయన అరగంటల జాలీలు కడిగి, నూనె గిన్నె తుడిచి, 1,200 తీస్కొని పోయిండు. వారం తిరగకముందే మల్ల చుక్కలు. అప్పుడు నేనే స్టూలెక్కి ఒక్కొక్కటి ఇప్పి చూస్తె అసలు సంగతి తెలిసింది, జాలి శుభ్రంగనే ఉన్నది, దాని ఎన్క పొగను గుంజే ఫ్యాన్, అంటె బ్లోయర్, ఆ మీది పైపు, గోడ అవతల పైపు మూతి, ఎవ్వలూ ముట్టని ఈ మూడిట్లనే జిడ్డంత ఉన్నది. చిమ్నీ అంటే మనకు కనపడే డబ్బా ఒక్కటే కాదు, పొగ స్టవ్ మీద లేచిన కాడి నుంచి గోడ దాటి బయటపడే దాక ఉన్న తొవ్వ మొత్తం చిమ్నీయే. ఆ తొవ్వంత ఎట్ల శుభ్రం చేస్కోవాలె, ఏది మనం చెయ్యొచ్చు, ఎక్కడ ఆగి మెకానిక్‌ను పిలవాలె, నాకు తెలిసిన కాడికి మొత్తం రాస్తున్న. జర పొడుగుంటది, ఓపికతోని చదవండి.

ముందుగాల ఈ జిడ్డు ఏందో తెల్సుకుంటె పని సగం అల్కగైతది. కడాయిల నూనె కాగినప్పుడు సన్న తుంపరలు, ఆవిరి పైకి లేస్తయి, సల్లటి రేకు తగలంగనే అక్కడ అంటుకుంటయి. మొదటి వారం పది రోజులు అది ఉత్త నూనెనే, వేడి నీళ్లు, గిన్నెల సబ్బు తగిల్తె పోతది. అట్లనే వదిలేస్తె గాలిల ఉన్న ఆక్సిజన్‌తోని కలిసి, రోజూ స్టవ్ వేడికి మగ్గి మగ్గి బంక అయితది, ఇంకా వదిలేస్తె వార్నిష్ కొట్టినట్టు గట్టి పొర కడ్తది. సన్‌ఫ్లవర్ నూనె ఈ పొర తొందరగ కడ్తది, పామాయిల్ జర ఆలస్యంగ, పల్లి నూనె ఆ రెండిట్ల మధ్యల ఉంటది. గట్టి పొర అయినంక మనం గోకుడు, స్టీల్ పీచుతోని రుద్దుడు, యాసిడ్లు పోసుడు, ఇగ ఆడ్నుంచి చిమ్నీ కరాబయ్యుడు మొదలైతది. అందుకే నేను చెప్పేదంతా ఒక్కటే, జిడ్డు ముదరకముందే తియ్యాలె. నెలకు ఒకపాలి నలభై నిమిషాల పని ఇది, నాలుగేండ్లకు ఒకపాలి చేస్తె రెండు రోజుల పని.

మీది ఏ రకమో చూస్కోండి ఇప్పుడు. చిమ్నీ కింద నిలబడి మీదికి చూస్తె పొడుగు పొడుగు స్టీల్ పట్టీలు వంపు తిరిగి ఉంటె అది బాఫిల్ ఫిల్టర్, పొగ లోపలికి పోతప్పుడు ఒక్కసారి మలుపు తిరగాల్సొస్తది, గాలి తిరిగిపోతది గాని బరువున్న నూనె చుక్క తిరగలేక పట్టీకి కొట్టుకొని అక్కడ్నే జారుతది. పల్సటి అల్యూమినియం వల పొరలు పొరలుగ ఉంటె అది మెష్ జాలి, ఇది తొందరగ మూస్కపోతది, మన వంటలకు పది రోజులకు ఒకపాలి కడగాల్సిందే. జాలి అసల్ లేకుండ ఉత్త ప్లేటు ఉంటె అది ఫిల్టర్‌లెస్, దాంట్ల నూనె మొత్తం బ్లోయర్ మీదికే పోయి అక్కడ్నుంచి కింది గిన్నెలకు జారుతది. పైపు లేని చిమ్నీలు కూడా ఉన్నయి, వాటి లోపల నల్లటి బొగ్గు ఫిల్టర్ ఉంటది, అది కడిగేది కాదు, మూడు నుంచి ఆరు నెలలకు కొత్తది మార్చేది. కడిగి ఎండబెట్టి మల్ల పెట్టిన్రని ఒకరిద్దరి ఇండ్లల్ల చూసిన, దానితోని లాభమేం లేదు.

పని మొదలువెట్టే ముందు: చిమ్నీ బటన్ బంద్ చేస్తె సరిపోదు, ప్లగ్గు గుంజేయాలె, ప్లగ్గు అందకుంటె కరెంటు బోర్డుల వంటింటి ఎంసీబీ స్విచ్చు కిందికి దించాలె. చెయ్యి ఊపితె చాలయ్యే సెన్సార్ మోడల్స్ అయితె ఇది ఇంకా ముఖ్యం, మీరు లోపల బట్ట పెట్టి తుడుస్తుంటె మీ చెయ్యి చూసే ఫ్యాన్ మొదలైతది. సిలిండర్ రెగ్యులేటర్ బంద్ చెయ్యండి, స్టవ్ మీద పాత దుప్పటి, దాని మీద పేపర్లు పరవండి. వంట అయినంక గంట సేపన్న ఆగండి, రేకులు సల్లారాలె. ప్లాస్టిక్ కుర్చీ మీద నిలబడొద్దు, గ్రానైట్ బండ మీద అంతకన్న నిలబడొద్దు, నూనె చుక్క పడ్డ గ్రానైట్ మీద కాలు జారితె ఆపేదేం ఉండదు. గట్టి స్టూలు, పట్టుకునేటందుకు ఒక మనిషి. చేతులకు రబ్బర్ గ్లౌజులు కచ్చితంగ ఉండాలె, ఎందుకంటే రేకుల అంచులు బ్లేడు లెక్క ఉంటయి.

ఇప్పుడు జాలి. హ్యాండిల్ వత్తి కిందికి గుంజితె వస్తది, తీసేటప్పుడు అడ్డం పెట్టకుండ నూనె గిన్నె వైపుకు వంచి తీయండి, లేకుంటె పట్టీలల్ల నిలిచిన నూనె మోచెయ్యి దాక కారుతది. తీసినంక నేరుగ నీళ్లల్ల ముంచొద్దు. ముందుగాల పాత పేపర్ మీద నిలువుగ పెట్టి కారనియ్యండి. మన కాడ ఎండకాలం ఎండ ఎట్లుంటదో చెప్పాల్సిన పని లేదు కదా, ఏప్రిల్ మే నెలలల్ల మధ్యాహ్నం డాబా మీద బండకు ఆనిచ్చి పేపర్లు కింద పెట్టి గంటన్నర వదిలేయండి, స్టీల్ ముట్టరానంత కాలుతది, బంక మెత్తబడి దానంతట అదే కిందికి జారుతది. నేను మొదటిసారి చేసినప్పుడు ఒక్కొక్క జాలి కింద టీ గ్లాసు సగం అంత నూనె దిగింది, రుద్దే పని సగానికి సగం తగ్గింది. మిగిలిన నెలలల్ల వేడి నీళ్లే దిక్కు.

స్టీల్ బాఫిల్ అయితె పెద్ద ప్లాస్టిక్ టబ్బుల అర బకెట్ మరిగే నీళ్లు, ఒక పిడికెడు బట్టల సోడా, రెండు చెంచాల గిన్నెల లిక్విడ్ వేసి జాలి మునిగేటట్టు అరగంట పెట్టండి. బట్టల సోడా అంటె వాషింగ్ సోడా, కిరాణం దుకాణంల దొరుకుతది, వంటల్ల వేసే తినే సోడా కాదు. అరగంట అయినంక నీళ్ల మీద తెల్లటి మురికి నురుగు తేలుతది, అది జిడ్డు కొంత సబ్బుగ మారిన గుర్తు. మా నాయనమ్మ పొయ్యిల బూడిదతోని గిన్నెలు తోమేది, బూడిదల ఉన్న క్షారం నూనెను సబ్బు చేస్తది, ఇక్కడ సోడా చేసేది కూడా అదే పని. తర్వాత పాత టూత్ బ్రష్‌తోని పట్టీల సందులు, ముఖ్యంగ మూలలు, ఒక్కో సందు రెండు వైపుల నుంచి గీకండి. స్టీల్ పీచు వాడొద్దు, గీతలు పడ్తె వచ్చే సారి నూనె ఆ గీతలల్లనే పట్టుకుంటది. ఎండు మిర్చి వేయించిన వారంల కడుగుతుంటె ఒక్కటి యాదిల పెట్టుకోండి, వరంగల్ ఎనుమాముల మార్కెట్ల మిర్చి సీజన్ల మేము ఏడాదికి సరిపోను కారం కొట్టిస్తం, ముందుగాల ఇంట్లనే కొంచెం వేయిస్తం, ఆ ఘాటంత జాలికి పట్టి ఉంటది, వేడి నీళ్లు పొయ్యంగనే ఆవిరి మొఖానికి కొట్టి దగ్గు ఆగదు. కిటికీలు తెరిచి, ముక్కుకు బట్ట కట్టుకొని పొయ్యండి, లేకుంటె బయటనే కడగండి.

మెష్ జాలి అయితె ఆగండి, అది అల్యూమినియం. దానికి బట్టల సోడా వద్దు, కాస్టిక్ సోడా అసల్ వద్దు. కాజీపేటల మా అమ్మ వాళ్లింట్ల మెష్ చిమ్నీ ఉండె, ఒక వీడియోల చూసి నేనే కాస్టిక్ సోడా నీళ్లల్ల వేసిన. నిమిషం కాలేదు, జాలి మీద బుసబుస బుడగలు, టబ్బు వేడెక్కింది, ఘాటు ఆవిరికి కండ్లు మండినయి. తీసి చూస్తె జాలి నల్లగ అయి, తీగలు సన్నబడి, వేలుతోని వత్తితె తెగిపోతున్నయి. అల్యూమినియం, కాస్టిక్ కలిస్తె హైడ్రోజన్ పుడ్తది, అది అంటుకునే గ్యాసు, పక్కన స్టవ్ మండుతుంటె ఎంత ప్రమాదమో ఆలోచించండి. ఆ రోజు మా అమ్మ చేతి మీద ఒక చుక్క పడి పొక్కింది, ఇప్పటికీ మచ్చ ఉన్నది, అది చూసినప్పుడల్ల నాకు బాధైతది. అప్పటి నుంచి కాస్టిక్ మా ఇంటి గడప దాటి లోపలికి రాలె. మెష్‌కు వేడి నీళ్లు, గిన్నెల లిక్విడ్, ఇరవై నిమిషాలు, మెత్తటి బ్రష్, అంతే, మరీ మొండిదైతె ఇదే రెండుసార్లు చెయ్యండి. పొరలు వంగిపోయినా, రంధ్రాలు పడ్డా కొత్తది కొనుక్కొనుడే మంచిది.

తినే సోడా మీద వెనిగర్ పోస్తె బుసబుస పొంగుతది, అందరు అది చూసి క్లీన్ అయితున్నదనుకుంటరు. ఒకటి క్షారం, ఒకటి ఆమ్లం, రెండు కలిస్తె ఒకదాన్నొకటి చంపుకుంటయి, మిగిలేది ఉప్పులాంటి నీళ్లు. నూనెను కోసేది క్షారమే, దాన్ని వెనిగర్‌తోని పాడు చేస్కోవద్దు. ఇంక బాత్రూంల వాడే యాసిడ్ క్లీనర్లు స్టీల్ మీద పోస్తె సన్న సన్న గుంతలు పడి తుప్పు మొదలైతది, యాసిడ్, బ్లీచింగ్ రెండు కలిస్తె విషవాయువు వస్తది. కిరోసిన్, పెట్రోల్, థిన్నర్ జిడ్డు తీస్తయి నిజమే, కాని స్టవ్ మీద ఉండే సామానుకు అవి రాసుడంటె నిప్పును పిలుచుడే.

ఒక మాట, టబ్బుల నీళ్లు సింకుల పోసే ముందు పైన తేలిన మడ్డిని పేపర్‌తోని ఎత్తి చెత్త బుట్టల వెయ్యండి. వేడిగున్నప్పుడు అది జారుకుంటనే పోతది గాని పైపుల సల్లారినంక గడ్డ కడ్తది, తర్వాత ప్లంబర్‌ను పిలవాల్సొస్తది.

చిమ్నీ పై డబ్బా, గాజు చెప్పాలంటె అంత కథ లేదు. చేతికి అంటుకునే బంక ఉంటె తడి బట్ట పెట్టకముందే పొడి బియ్యప్పిండో శనగపిండో చల్లి బట్టతోని రుద్దండి, పిండి నూనెను పీల్చి ఉండలు ఉండలుగ రాలుతది, పండుగకు పట్టిచ్చిన పిండిల పురుగు పట్టి పనికిరానిది ఉంటె దాన్నే వాడొచ్చు. తర్వాత కుంకుడుకాయ నీళ్లు. నాలుగు కాయలు కొట్టి గింజ తీసి వేడి నీళ్లల్ల నానబెట్టి పిసికి, ఆ నురుగుతోని తుడవండి, గాజు మీద మచ్చ ఉండదు, రంగు పోదు, నల్ల గాజుకు దీన్ని మించింది లేదని నా అనుభవం. స్టీల్ డబ్బా అయితె గీత ఏ దిక్కు ఉంటె ఆ దిక్కే తుడవాలె. బటన్ల మీద, లైట్ల మీద నీళ్లు స్ప్రే చెయ్యొద్దు, బట్టకు తడి చేసి తుడవండి.

నూనె గిన్నె అందరు మర్చిపోయేది. చిమ్నీ ఎన్క వైపు కింద చిన్న కప్పో ట్రేనో ఉంటది, సగం నిండకముందే ఖాళీ చెయ్యాలె, మా ఇంట్ల చుక్క పడ్డప్పుడు అది అంచు దాక నిండి ఉన్నది. ఆటో క్లీన్ గురించి కూడా ఇక్కడ్నే చెప్తున్న, ఆ బటన్ వత్తితె లోపల హీటర్ వేడెక్కి బ్లోయర్ మీది నూనె కరిగి ఈ గిన్నెలకు దిగుతది, అంతవరకే దాని పని. మెత్తటి నూనెను కరిగిస్తది, గట్టిపడ్డ వార్నిష్‌ను కరిగియ్యలేదు, పైపును అసల్ ముట్టదు. మేము నాలుగేండ్లల్ల ఎప్పుడో గుర్తొచ్చినప్పుడు వత్తినం, అది తప్పు, పదిహేను రోజులకు ఒకపాలి, అప్పాలు చేసిన రోజైతె ఆ రాత్రే వత్తాలె. వంట అయిపోయి, స్టవ్ బంద్ ఉన్నప్పుడే, అయ్యే దాక స్టవ్ ముట్టియ్యొద్దు. అది అయినంక గిన్నె వేడిగ ఉంటది, కాసేపాగి తీయండి.

ఇగ బ్లోయర్. దీనికి గ్యారంటీ కార్డు తీసి ఒకసారి చదవండి, వారంటీల ఉన్నప్పుడు మనం ఇప్పితె కొన్ని కంపెనీలు తర్వాత ఒప్పుకోవు, అట్లయితె వాళ్లతోనే చేయించండి కాని పక్కన నిలబడి బ్లోయర్ బయటికి తీసి కడగమని నోరు తెరిచి అడగండి, అడగకుంటె జాలి కడిగి పోతరు. వారంటీ అయిపోయినోళ్లు ఇంట్లనే చెయ్యొచ్చు. ప్లగ్గు గుంజినమా లేదా మల్ల ఒకసారి చూస్కోండి. జాలీలు తీసినంక లోపల గుండ్రటి కంత కనపడ్తది, దాని చుట్టు మూడు నాలుగు స్క్రూలతోని ఒక రింగు ఉంటది. ఫోన్‌ల ఫొటో తీస్కోండి, ప్రతి దశల ఒకటి, మల్ల బిగించేటప్పుడు అదే మనకు దారి చూపిస్తది. రింగు ఇప్పితె లోపల ఉడత తిరిగే చక్రం లెక్క సన్న సన్న రెక్కల ప్లాస్టిక్ చక్రం, మధ్యల ఒక నట్టు. ఈ నట్టు చాలా మోడళ్లల్ల ఉల్టా థ్రెడ్, మామూలుగ ఇప్పేటందుకు ఎడమకు తిప్పుతం కదా, దీన్ని కుడికి తిప్పితె ఊడుతది. సాధారణంగ దాని మీద బాణం గుర్తు ఉంటది, టార్చి కొట్టి చూడండి. తెలియక ఎడమకు బలంగ తిప్పితె ప్లాస్టిక్ పగుల్తది, ఇగ చక్రం మొత్తం కొత్తది కొనాలె.

చక్రం చేతికి వచ్చినంక రెక్కల సందులల్ల చూడండి, నాకు ఆ రోజు సందు కనపడలే, గోధుమ రంగు బంక మొత్తం పూడి రెక్క రెక్కకు అతుక్కుపోయి ఒక గట్టి రొట్టె లెక్క ఉండె, దాంట్ల దుమ్ము, ఒక చిన్న పురుగు రెక్క, ఎప్పటిదో పోపుల ఆవగింజ. అట్లుంటె గాలి ఎట్ల గుంజుతది? వేడి నీళ్లల్ల, మరిగేవి వద్దు, ప్లాస్టిక్ వంగుతది, చెయ్యి పెట్టగలిగినంత వేడి చాలు, లిక్విడ్ వేసి గంట నానబెట్టి ఒక్కో రెక్క బ్రష్‌తోని తీసిన. రెక్కల అంచుకు చిన్న ఇనుప క్లిప్పులు అక్కడొకటి ఇక్కడొకటి ఉంటయి, అవి చెత్త కాదు, బ్యాలెన్స్ కోసం కంపెనీ పెట్టినయి, తీస్తె చిమ్నీ మొత్తం వణుకుతది, కారు టైరుకు బ్యాలెన్సింగ్ సీసం పెట్టినట్టే. వాటిని కదిలియ్యకుండ చుట్టు తోమండి. మోటార్‌ను, దాని పక్కన కరెంటు దాచుకునే చిన్న డబ్బా, అంటె కెపాసిటర్‌ను నీళ్లతోని ముట్టొద్దు, పొడి బట్టతోని పైపైన తుడవండి అంతే, కెపాసిటర్‌ల ప్లగ్గు తీసినా కొంచెం సేపు కరెంటు నిలిచి ఉంటది, దాని తీగలు ఇప్పే పని మనది కాదు. బ్లోయర్ డబ్బా లోపలి గోడలకు ముందు చెక్క గరిటె తోనో పాత ప్లాస్టిక్ కార్డు తోనో బంకను గీకి తీసి, తర్వాత కొన్ని చుక్కల కొత్త పల్లి నూనె బట్టకు రాసి రుద్దండి, పాత నూనె కొత్త నూనెకు కరుగుతది, ఆ ఎన్క సబ్బు బట్ట, ఆ ఎన్క తడి బట్ట, చివరికి పొడి బట్ట.

పైపు సంగతి. ఎక్కువ ఇండ్లల్ల ఆరు అంగుళాల అల్యూమినియం ముడతల పైపు ఉంటది. మిస్త్రీలు పైపు ఎక్కువ ఉన్నదని కోయకుండ లోపల వంకర్లు పెట్టి చెక్క ఎన్క దాచేస్తరు, మాది అట్లనే ఉండె, రెండు అడుగుల దూరానికి ఐదు అడుగుల పైపు, మధ్యల కిందికి వేలాడి, ఆ వేలాడిన కాడ నూనె గుంటకట్టింది. అది రోజూ కొంచెం కొంచెం వెనక్కి జారి, నా సకినాల మీద పడ్డది అదే నూనె. పైపు బిగుతుగ గుంజి, ఎంత దూరమో అంతే కోసి, బయటి దిక్కు జర వాలు ఉండేటట్టు పెట్టించండి, మలుపులు ఎంత తక్కువుంటె అంత మంచిది, రెండు మించొద్దు. పాత ముడతల పైపు కడగొద్దు, కడిగితె చిరుగుతది, ముడతలల్ల జిడ్డు పోదు, కొత్తది మార్చుకునుడే అగ్గువ పడ్తది, ఎలక్ట్రికల్, హార్డ్‌వేర్ షాపులల్ల దొరుకుతది. జాయింట్ల కాడ మామూలు టేపు వేడికి ఊడుతది, అల్యూమినియం టేపు చుట్టండి. పీవీసీ గట్టి పైపు ఉన్నోళ్లు మాత్రం తీసి లోపల పొడుగు బ్రష్‌తోని కడుక్కోవచ్చు.

గోడ అవతల మూతి చూసిండ్రా ఎప్పుడన్న? హనుమకొండల అపార్ట్‌మెంట్లల్ల పావురాలు ఎక్కువ, అవి చిమ్నీ మూతి కాడ వెచ్చగ ఉంటదని గూడు కడ్తయి. మా ఇంటికి పక్కింటోళ్ల బాల్కనీల నుంచి చూస్తె పుల్లలు, ఈకలు, మధ్యల రెండు గుడ్లు. తీసెయ్యమని అందరు అన్నరు, మా అత్తమ్మ మాత్రం వద్దన్నది. పిల్లలు ఎగిరిపోయే దాక నెలన్నర చిమ్నీ పెట్టకుండ కిటికీ, ఎగ్జాస్ట్ ఫ్యాన్ తోని గడిపినం, తర్వాత గూడు తీసి, మూతికి వాన పడకుండ కిందికి వంగి ఉండే రేకు టోపీ, అంటె కౌల్ పెట్టించి, దానికి అర అంగుళం కంతల జాలి కట్టించిన. సన్న జాలి కట్టొద్దు, దోమలు కూడా రావని కొందరు కడ్తరు, నెల రోజులల్లనే నూనె పట్టి మూస్కపోతది. గూడు తీసేటప్పుడు మీ ముక్కుకు, నోటికి మాస్క్ పెట్టుకోండి, పావురాల రెట్ట దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. రెండో అంతస్తు, ఆపైన ఉన్నోళ్లు బయటి మూతి పని మీరు చెయ్యకండి, తాళ్లు, నిచ్చెన ఉన్న మనిషిని పిలవండి. వానలు పడకముందు, జూన్ మొదట్ల, కౌల్ సరిగ్గ కిందికి వంగి ఉన్నదా, లోపలి రేకు మూత తెరుస్తూ మూస్తూ ఉన్నదా చూస్కోండి, అది నూనెకు అతుక్కుపోతె పొగ బయటికి పోదు, తెరుచుకొనే ఉంటె వాన నీళ్లు లోపలికి వస్తయి.

మనం వాడే తీరుల కూడా చిన్న చిన్నయి ఉన్నయి. వంట మొదలు పెట్టే ఐదు నిమిషాల ముందే చిమ్నీ వెయ్యండి, స్టవ్ బంద్ చేసినంక పది నిమిషాలు నడవనియ్యండి, పైపుల మిగిలిన ఆవిరి బయటికి పోతది. చిమ్నీ గాలిని బయటికి పంపాలంటె ఇంట్లకు కొత్త గాలి రావాలె కదా, తలుపులు కిటికీలన్ని మూసి పెట్టి చిమ్నీ గుంజుతలేదు అంటె ఎట్ల గుంజుతది, స్టవ్‌కు దూరంగ ఉన్న కిటికీ నాలుగు వేళ్లు తెరవండి. స్టవ్ పక్క కిటికీ వద్దు, ఆ గాలి పొగను పక్కకు కొడ్తది, సీలింగ్ ఫ్యాన్ కూడా అంతే. స్టవ్‌కు చిమ్నీకి మధ్య 65 నుంచి 75 సెంటీమీటర్లు, అంటె 26 నుంచి 30 అంగుళాలు ఉండాలె, మీ మోడల్ పుస్తకంల వేరే కొలత ఉంటె అదే పట్టండి. టేపు పెట్టి కొలవండి, ఎత్తు ఎక్కువుంటె పొగ సగం ఇల్లంత తిరుగుతది, తక్కువుంటె జాలీల నూనెకు మంట తగిలే ప్రమాదం.

మంట విషయం చెప్పకుండ ఆపలేను. గిన్నె లేకుండ స్టవ్ పెద్దగ మండించి వదలొద్దు, పుల్కాలు, వంకాయ నేరుగ మంట మీద కాల్చేటోళ్లు ముఖ్యంగ చిన్న మంట మీదనే చెయ్యండి, చిమ్నీ గాలి మంటను మీదికి గుంజుతది. ఒకవేళ కడాయిల నూనె అంటుకుంటె ముందు స్టవ్ బంద్, వెంటనే చిమ్నీ బంద్, ఎందుకంటే ఫ్యాన్ తిరిగితె మంట పైపులకు పోతది, తర్వాత కడాయి మీద సరిపోయే స్టీల్ మూత పక్క నుంచి జార్చి పెట్టండి, సల్లారేదాక తీయొద్దు. నీళ్లు పొయ్యొద్దు, ఎట్టి పరిస్థితిల పొయ్యొద్దు, నీళ్లు కాగే నూనెల పడంగనే ఆవిరై నూనెను మంటతోని సహా మీదికి ఎగజిమ్ముతయి. పైపుల నుంచి పొగ, చిటపట శబ్దం వస్తె ఇంట్ల ఎవ్వలు ఉండొద్దు, మెయిన్ ఆపగలిగితె ఆపి బయటికి వచ్చి 101కు ఫోన్ చెయ్యండి. పిల్లలకు కూడా ఇది చెప్పి పెట్టండి.

ఎన్ని రోజులకు ఏది అంటె, మా ఇంట్ల అయితె బాఫిల్ జాలి మూడు వారాలకు ఒకపాలి, నూనె గిన్నె ప్రతి శనివారం, బ్లోయర్ ఏడాదికి రెండుసార్లు, సంక్రాంతి అప్పాలు అయిపోయినంక ఒకసారి, దసరా ముందు ఒకసారి. పైపు, బయటి మూతి జూన్‌ల చూస్తం. పచ్చి వంటలు, ఉడికిచ్చినయి ఎక్కువ తినే ఇండ్లల్ల ఇంకా ఆలస్యంగ చేసినా నడుస్తది, రోజూ ఏదో ఒకటి గోలిచ్చే ఇండ్లయితె ఇంకా తొందరగ.

మల్ల బిగించే ముందు జాలి పూర్తిగ ఎండాలె, తడి జాలి పెడ్తె నీళ్లు బ్లోయర్‌లకు పోతయి. చక్రం బిగిచ్చినంక చేతితోని తిప్పి చూడండి, ఎక్కడ తగలకుండ తిరగాలె. ప్లగ్గు పెట్టి తక్కువ స్పీడుల రెండు నిమిషాలు వినండి, గరగర అంటె రెక్క ఎక్కడో తగులుతున్నది, ఊగుతున్నట్టుంటె క్లిప్పు పోయింది లేదా నట్టు వదులున్నది, హమ్మని మోగుతది గాని తిరగకుంటె వెంటనే బంద్ చేసి మెకానిక్‌ను పిలవండి, అది కెపాసిటరో మోటారో, మనం ముట్టేది కాదు. అన్ని మంచిగుంటె పేపర్‌ల ఒక పేజీ తీస్కొని మధ్య స్పీడుల జాలి కింద పట్టి వదిలిపెట్టండి. అతుక్కొని నిలబడాలె. నేను అన్ని చేసినంక పట్టి చూస్తె చేతుల నుంచి గుంజుకొని పోయి ఠక్కున అంటుకుంది, అంతకుముందు నెల అదే పేజీ నేల మీద పడ్డది.